పోయిన స్పార్క్ ప్లగ్ మరను హెడ్డు విప్పకుండా బాగుచేయడం ఎలా?

ప్లగ్ బిగిస్తుంటే చివర్లో చేతికి గట్టిగా పట్టు తగలాలి. అది తగలకుండా పానా ఊరికే తిరుగుతున్నా, విప్పిన ప్లగ్‌కు స్ప్రింగులా అల్యూమినియం చుట్టుకుని వచ్చినా హెడ్డులో, అంటే సిలిండర్ల మీద మూతలా ఉండే భాగంలో, మర పోయినట్టే. ఇంజిన్ నడుస్తుంటే ప్లగ్ దగ్గర గాలి తన్నుతున్న చప్పుడు, ప్లగ్ గుంతలో నల్లటి మసి, ఒక సిలిండర్ సరిగా కొట్టకపోవడం కూడా దీనికి గుర్తులే. ఆ స్థితిలో బండి నడపకండి. వదులైన ప్లగ్‌ను సిలిండర్లోని ఒత్తిడి ఊపేస్తూ ఉంటుంది. మిగిలిన మరలు కూడా అరిగి ఒక రోజు ప్లగ్ బయటికి ఎగిరిపోతుంది. ఇంకో ప్రమాదం కూడా ఉంది. ప్లగ్ తన వేడిని వాషర్ ద్వారా, మరల ద్వారా హెడ్డుకు వదులుతుంది. పట్టు సరిగా లేకపోతే ఆ వేడి పోయే దారి ఉండదు, ప్లగ్ కొన ఎర్రగా కాలుతుంది. స్పార్కు పడకముందే పెట్రోలు అంటుకుని, దెబ్బ పిస్టన్ మీద పడుతుంది.

మర ఎందుకు పోయిందో ముందు తెలుసుకోండి. కారణం అలాగే ఉంటే కొత్త మర కూడా పోతుంది. పోత ఇనుప హెడ్లలో ఈ బాధ తక్కువ, అల్యూమినియం హెడ్లలోనే ఎక్కువ. ఇంజిన్ వేడిగా ఉండగా ప్లగ్ విప్పడం, మర తప్పి ఎక్కిన ప్లగ్‌ను పానాతో బలవంతంగా తిప్పడం, అతిగా బిగించడం మామూలు కారణాలు. చాలామంది గమనించనిది ప్లగ్ పొడవు. ప్లగ్ ఉండాల్సినదానికంటే పొడవుగా ఉంటే దాని చివరి మరలు దహన గదిలోకి పొడుచుకు వస్తాయి, వాటిమీద కార్బన్ గట్టిగా పేరుకుంటుంది. విప్పేటప్పుడు ఆ కార్బన్ హెడ్డు మరలను ఆకురాయిలా గీసుకుంటూ వస్తుంది. పొట్టి ప్లగ్ వేస్తే కార్బన్ హెడ్డు అడుగు మరల్లో పేరుకుంటుంది. ఆ తర్వాత ఎవరైనా సరైన ప్లగ్ వేయబోతే అది అక్కడ ఇరుక్కుంటుంది.

ముందు కొలతలు

పాత ప్లగ్‌ను చేతిలో పట్టుకుని మూడు విషయాలు చూడండి. మొదటిది మర సైజు. కార్లలో ఎక్కువగా కనిపించేది 14 మి.మీ. వ్యాసం, మరకూ మరకూ మధ్య 1.25 మి.మీ. దూరం. కొన్ని ఇంజిన్లలో 12 మి.మీ. ప్లగ్ ఉంటుంది, దానికీ మర దూరం 1.25 మి.మీ.నే. మరీ పాత ఇంజిన్లు కొన్నింటిలో 18 మి.మీ. ప్లగ్ ఉంటుంది, దాని మర దూరం 1.5 మి.మీ. రెండోది మర ఉన్న భాగం పొడవు. సాధారణంగా 12.7 మి.మీ. లేదా 19 మి.మీ., కొత్త తరం ఇంజిన్లలో 26.5 మి.మీ. కూడా ఉంటుంది. 19 మి.మీ. ప్లగ్‌కు సుమారు 15 చుట్లు పడతాయి, 12.7 మి.మీ. దానికి పదే. పొట్టి ప్లగ్ ఉన్న హెడ్డులో నాలుగు చుట్లు పోతే దాదాపు సగం బలం పోయినట్టు. మూడోది ప్లగ్ కూర్చునే తీరు. అడుగున వాషర్ ఉంటే అది చదునైన సీటు. వాషర్ లేకుండా ఏటవాలుగా ఉంటే శంకు సీటు. మర బాగుచేయడానికి కొనే పనిముట్ల కిట్ ఈ మూడింటికీ సరిపోవాలి. శంకు సీటు ఉన్న హెడ్డులో చదును సీటు కిట్ వాడితే సీటు పాడై, ఇక ఏ ప్లగ్ వేసినా గాలి ఆగదు.

తర్వాత టార్చి వేసి, వీలైతే చిన్న కెమెరా గొట్టంతో ప్లగ్ రంధ్రం లోపలంతా చూడండి. పై రెండు మూడు చుట్లే నలిగి కింద మర శుభ్రంగా ఉందా? మధ్యలో ఊడిపోయిందా? రంధ్రం నుంచి వాల్వు సీటు వైపు సన్నగా చీలిక కనిపిస్తోందా? చీలిక ఉంటే పని ఇక్కడే ఆపండి. దానికి హెడ్డు దించి వెల్డింగు చేసే చోటికి పంపడమే మార్గం. కొత్త మర కోసం బుష్ (మర ఉన్న స్టీలు గొట్టం) వేస్తే ఆ చీలిక ఇంకా పెరుగుతుంది.

పిస్టన్‌ను సరైన చోట నిలపండి

చాలామంది వదిలేసే మెట్టు ఇదే. మర కోసే ట్యాప్ దహన గదిలోకి కొంత దిగుతుంది. ఆ సమయంలో పిస్టన్ పైన ఉంటే దాన్ని గుద్దుతుంది. వాల్వు తెరిచి ఉంటే వాల్వును తాకుతుంది, కోసిన పొట్టు కూడా వాల్వు సీటు మీదే పడుతుంది. అందుకే పిస్టన్ కిందికి దిగి, రెండు వాల్వులూ మూసి ఉండే స్థానం కావాలి.

ఇంజిన్ పూర్తిగా చల్లారాక బ్యాటరీ నెగెటివ్ వైరు తీయండి. గేరు న్యూట్రల్‌లో ఉంచి హ్యాండ్ బ్రేకు వేయండి. ప్లగ్ గుంతలన్నీ గాలితో ఊది శుభ్రం చేసి, అన్ని ప్లగ్‌లూ విప్పండి. ఇంజిన్ తేలిగ్గా తిరగడానికే ఇది. చెడిన రంధ్రం మీద బొటనవేలు అదిమి పెట్టి, క్రాంక్ పుల్లీ బోల్టుకు పానా వేసి ఇంజిన్ తిరిగే దిశలోనే మెల్లగా తిప్పండి. రంధ్రం లోతుగా ఉండి వేలు అందకపోతే రబ్బరు గొట్టం ఒకటి అదిమి, దాని చివర వేలు పెట్టండి. ఒక దశలో గాలి వేలిని బయటికి తోస్తుంది. అది కంప్రెషన్ స్ట్రోకు. పిస్టన్ పూర్తిగా పైకి వచ్చేదాకా తిప్పి, ఆ తర్వాత అదే దిశలో మరో పావు చుట్టు తిప్పండి. ఇప్పుడు పిస్టన్ సగానికి పైగా కిందికి దిగి ఉంటుంది, రెండు వాల్వులూ మూసే ఉంటాయి. పుల్లీ మీద గుర్తు పెట్టుకుని, పని అయ్యేదాకా దాన్ని కదిలించకండి.

చేజర్‌తో సరిపోతుందా?

పై చుట్లు మాత్రమే నలిగి ఉంటే కొత్త మర అవసరం లేదు, పాత మరను సరిచేస్తే చాలు. దానికి వాడాల్సింది త్రెడ్ చేజర్. మామూలు మర కోసే ట్యాప్ దీనికి పనికిరాదు. ట్యాప్ లోహాన్ని కోసేస్తుంది. అసలే పలచబడ్డ మర దానివల్ల ఇంకా పలచబడుతుంది. చేజర్ నలిగిన మరను తిరిగి ఆకారంలోకి నొక్కుతుంది.

మర తప్పి ఎక్కిన ప్లగ్ వల్ల నోరు మాత్రమే చెడిపోతే, లోపలి నుంచి బయటికి పనిచేసే బ్యాక్ ట్యాప్ ఇంకా మేలు. దాన్ని ముడిచి రంధ్రంలోకి దించుతారు, లోపల విప్పితే అది అడుగున ఉన్న చెడని మరను పట్టుకుంటుంది. బయటికి తిప్పుతూ వస్తే మంచి మర దారి చూపిస్తుంది, పైనున్న చెడిన చుట్లు దానికి తగ్గట్టు సరవుతాయి. కార్బన్ కూడా లోపలికి పడకుండా బయటికే వస్తుంది. చెడిన నోటి నుంచి లోపలికి వెళ్ళే పనిముట్టుకు దారి తప్పే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది, దీనికి ఆ ప్రమాదం తక్కువ.

చేజర్ వేసిన తర్వాత కొత్త ప్లగ్‌ను వేళ్ళతోనే పూర్తిగా దించగలగాలి. దిగాక పక్కకు ఊపితే ఆట ఉండకూడదు. ఈ రెంటిలో ఏది కుదరకపోయినా, సగానికి పైగా చుట్లు పోయినా, కొత్త మర వేయాల్సిందే.

కాయిలా, బుష్షా?

హెలికాయిల్ అంటే స్టీలు తీగను స్ప్రింగులా చుట్టింది. హెడ్డులో కాస్త పెద్ద మర కోసి దాన్ని లోపల కూర్చోబెడతారు. ధర తక్కువ, తక్కువ లోహం తీస్తే చాలు, ప్లగ్ చుట్టూ గోడ పలచగా ఉన్న హెడ్డుకు అనుకూలం. దీని బలహీనత ఒక్కటే. సరిగా పట్టించకపోతే ప్లగ్ విప్పినప్పుడు దానితోపాటు కాయిలూ బయటికి వచ్చేస్తుంది.

బుష్ గట్టి స్టీలు గొట్టం. లోపలా బయటా మర ఉంటుంది, పైన సన్నటి అంచు ఉంటుంది. టైమ్‌సెర్ట్ లాంటివి ఈ కోవలోవే. అడుగున ఉన్న లోపలి చుట్లు కొన్ని కావాలనే పూర్తిగా తయారుచేయకుండా వదులుతారు. దించే డ్రైవరు వాటిలోంచి దూరినప్పుడు బుష్ అడుగు భాగం ఉబ్బి హెడ్డు మరల్లోకి గట్టిగా నాటుకుంటుంది. పైన అంచు, కింద ఉబ్బు రెండూ కలిసి దాన్ని ఎటూ కదలనివ్వవు. ప్లగ్‌లు తరచూ విప్పాల్సిన పాత కారుకు, అందులోనూ చాలా ఏళ్ళు వాడుకోవాలనుకునే కారుకు, బుష్షే సరైనది. ధరలో తేడా ఉన్నా అది పెట్టదగిన ఖర్చే.

ఎపాక్సీ, టెఫ్లాన్ టేపు, రాగి తీగ చుట్టడం లాంటివి వద్దు. ఆ వేడికీ ఒత్తిడికీ అవి నిలబడవు, పైగా వేడి పోయే దారిని మూసేస్తాయి.

మర కోయడం

ట్యాప్ గాడుల నిండా చిక్కటి గ్రీజు పూయండి. కోసిన పొట్టు సిలిండర్లోకి రాలకుండా గ్రీజుకు అంటుకుంటుంది. అంతా పట్టుకోదు గానీ ఎక్కువ భాగాన్ని ఆపుతుంది.

కొన్ని కిట్లలో ట్యాప్ రెండు భాగాలుగా ఉంటుంది. ముందు భాగం మామూలు 14 మి.మీ. మర, వెనక భాగం పెద్ద మర. ముందు భాగం మిగిలిన పాత మరను పట్టుకుని దారి చూపిస్తుంది, వెనక భాగం కోస్తుంది. పాత మర కొంతైనా మిగిలి ఉంటేనే ఇది నిటారుగా దిగుతుంది. మర పూర్తిగా నున్నగా అయిపోతే దానికి పట్టు దొరకదు. అప్పుడు కిట్‌తో వచ్చే గైడు గొట్టాన్ని ప్లగ్ గుంతలో కూర్చోబెట్టి, ముందు రీమర్ (రంధ్రాన్ని కాస్త పెద్దది చేసే కటర్) దించి, తర్వాతే ట్యాప్ వాడాలి.

మొదటి రెండు చుట్లు చేతి బలంతోనే, పొడవాటి హ్యాండిల్ లేకుండా తిప్పండి. ప్రతి అర చుట్టుకూ ఆగి, ముందు నుంచి ఒకసారి, పక్క నుంచి ఒకసారి చూడండి. గుంత మధ్యలో ట్యాప్ అన్ని వైపులా సమానంగా కనిపించాలి. మూడో చుట్టు దాటాక వంకరను సరిచేయడం కుదరదు. ట్యాప్ తన దారిలోనే పోతుంది, బలవంతంగా వంచబోతే విరుగుతుంది. హెడ్డులో విరిగిన ట్యాప్‌ను తీయడం అసలు పనికంటే పదింతలు కష్టం.

మొదటి చుట్లు నిటారుగా పడ్డాక అర చుట్టు ముందుకు, పావు చుట్టు వెనక్కు తిప్పుతూ పొండి. వెనక్కు తిప్పినప్పుడు పొట్టు తెగుతుంది, లేకపోతే అది పొడుగ్గా చుట్టుకుని కొత్త మరనే గీసేస్తుంది. రెండేసి చుట్లకు ఒకసారి ట్యాప్ బయటికి తీసి, పాత గ్రీజు పూర్తిగా తుడిచి కొత్తది పూయండి. విసుగనిపించినా ఇది మానకండి. హ్యాండిల్ ఉన్నట్టుండి బిగుసుకుంటే అదిమి తిప్పకండి, తీసి శుభ్రం చేసి మళ్ళీ దించండి.

పోత ఇనుప హెడ్డయితే పొట్టు గట్టిగా, పొడిగా రాలుతుంది, గ్రీజుకు అంత తేలిగ్గా అంటదు. దానికి అయస్కాంతం పనికొస్తుంది. అల్యూమినియం పొట్టుకు అయస్కాంతంతో లాభం లేదు.

బుష్ వేస్తుంటే ఇంకో పని ఉంది. బుష్ అంచు కూర్చునేందుకు రంధ్రం నోట్లో చిన్న మెట్టు కోయాలి. కిట్‌లోని సీటు కటర్‌కు ఆపు ఉంటుంది, అది తాకేదాకా మాత్రమే తిప్పండి. లోతు తక్కువైతే బుష్ అంచు పైకి తేలి, ప్లగ్ వాషర్ దానిమీద అసమానంగా కూర్చుని గాలి పోతుంది. ఎక్కువైతే బుష్ కిందికి పోయి, దాని అడుగు దహన గదిలోకి పొడుచుకు వస్తుంది. అక్కడ ఆ అంచు ఎర్రగా కాలుతుంది.

పొట్టు తీయడం

లోపల చిన్న ముక్క కూడా మిగలకూడదు. అల్యూమినియం మెత్తనిదే అయినా వాల్వు సీటు మీద ఇరుక్కుంటే వాల్వు పూర్తిగా మూసుకోదు, కాలిపోతుంది. స్టీలు ముక్కయితే సిలిండర్ గోడను గీస్తుంది.

వాక్యూమ్ క్లీనర్ మూతికి సన్నటి ప్లాస్టిక్ గొట్టం టేపుతో బిగించి, దాన్ని సిలిండర్ అడుగు దాకా దించి పిస్టన్ మీదంతా తిప్పండి. సిలిండర్లో పెట్రోలు తడి గానీ వాసన గానీ ఉంటే వాక్యూమ్ పెట్టకండి, దాని మోటారు నిప్పురవ్వకు ఆవిరి అంటుకుంటుంది. ముందు ఆరనివ్వండి. తర్వాత వంచిన సన్నటి గొట్టంతో గాలి ఊదండి. గొట్టం చుట్టూ ఖాళీ ఉంటేనే పొట్టు బయటికి వస్తుంది. కళ్ళద్దాలు పెట్టుకోండి, రంధ్రం మీద మొహం పెట్టకండి. ఆ తర్వాత పుల్లకు గ్రీజు పూసి పిస్టన్ మీద అద్దుతూ చూడండి. పుల్ల శుభ్రంగా బయటికి వచ్చేదాకా ఈ మూడూ వరసగా మళ్ళీ చేయండి. చివరగా కెమెరాతో చూడండి, ముఖ్యంగా సిలిండర్ గోడా పిస్టన్ అంచూ కలిసే చోట.

కాయిల్ లేదా బుష్ దించడం

కోసిన మరలో గ్రీజు మిగిలితే లాకింగ్ జిగురు పట్టదు. నూలు రాలని గుడ్డను క్లీనర్‌తో తడిపి మరను చుట్టుచుట్టూ తుడవండి. సిలిండర్లోకి నేరుగా స్ప్రే చేయకండి.

ఎక్కువ వేడికి తట్టుకునే ఆ జిగురును (త్రెడ్ లాకర్) బుష్ లేదా కాయిల్ బయటి మరల మీద పలచగా, పై సగానికి మాత్రమే పూయండి. అడుగున పూస్తే అది దహన గదిలోకి జారుతుంది. కాయిల్‌ను దాని పనిముట్టు మీద ఎక్కించి, కిందికి నొక్కకుండా తిప్పుతూ దించండి. నొక్కితే ఒక చుట్టు మీద ఇంకో చుట్టు ఎక్కి మర తప్పుతుంది. కాయిల్ పై కొన సీటు ఉపరితలానికి పావు నుంచి అర చుట్టు కిందికి ఉండాలి. పైకి ఉంటే ప్లగ్ వాషర్ దానిమీద కూర్చుంటుంది. కాయిల్ అడుగున అడ్డంగా ఉండే చిన్న తోక ఉన్న రకమైతే దాన్ని విరిచాక సిలిండర్లో పడనివ్వకండి. ప్లగ్ రంధ్రానికి తోక లేని రకం కొనుక్కోవడమే మంచిది.

బుష్‌కు డ్రైవరు మీద కిట్‌తో వచ్చిన నూనె తప్పనిసరిగా వేయండి. నూనె లేకుండా తిప్పితే డ్రైవరు బుష్‌లోనే ఇరుక్కుపోతుంది. అంచు మెట్టు మీద కూర్చున్నాక తిప్పడం ఆపకండి, అప్పటి నుంచే అసలు పని. డ్రైవరు గట్టిపడుతుంది, కొంత తిప్పాక ఒక్కసారిగా తేలికవుతుంది. అడుగు మరలు ఉబ్బి పట్టుకున్నాయని దాని అర్థం. ఆ తేలికదనం రాకముందే ఆపేస్తే తర్వాత ప్లగ్‌తోపాటు బుష్ కూడా బయటికి వస్తుంది.

జిగురు సీసా మీద రాసినంత సేపు ఆరనివ్వండి. ఆ తర్వాత బ్యాటరీ వైరు మళ్ళీ తగిలించి, ఇంధనమూ స్పార్కూ రెండూ ఆపి, ఆ రంధ్రం మీద గుడ్డ కప్పి, పక్కకు నిలబడి స్టార్టరు రెండు మూడు సెకన్లు తిప్పండి. మిగిలిన నలుసులు ఏవైనా ఉంటే గుడ్డకు అంటుకుంటాయి. పొట్టు తీయడం పూర్తయిందని కెమెరాలో చూశాకే ఇది చేయండి. ఇంజిన్ తిరిగితే వాల్వులు తెరుచుకుంటాయి కదా.

ప్లగ్ బిగించడం

కొత్త మరలో పాత ప్లగ్ వేయకండి. ప్లగ్ పింగాణీ మీదికి బిగుతుగా ఎక్కే రబ్బరు గొట్టం ముక్క తీసుకుని, దాంతో ప్లగ్‌ను గుంతలోకి దించండి. ముందు ఎడమవైపు మెల్లగా తిప్పితే ఒక చోట ప్లగ్ టక్కుమని చిన్నగా దిగినట్టు చేతికి తెలుస్తుంది. అక్కడి నుంచి కుడివైపు తిప్పండి. మర తప్పితే గొట్టం జారిపోతుంది గానీ హెడ్డును పాడుచేయదు. ప్లగ్ పూర్తిగా కూర్చునేదాకా గొట్టంతోనే దించండి.

చివరి బిగింపు టార్క్ రెంచితో. బండి మాన్యువల్‌లో ఉన్న అంకెదే మొదటి స్థానం. అది దొరక్కపోతే, వాషర్ ఉన్న 14 మి.మీ. ప్లగ్‌కు అల్యూమినియం హెడ్డులో 25 నుంచి 30 న్యూటన్ మీటర్లు, పోత ఇనుములో 25 నుంచి 35. వాషర్ ఉన్న 12 మి.మీ. ప్లగ్‌కు అల్యూమినియంలో 15 నుంచి 20. శంకు సీటు 14 మి.మీ. ప్లగ్‌కు అల్యూమినియంలో 10 నుంచి 20. రెంచి లేకపోతే కోణం లెక్క. చేతితో కూర్చున్నాక కొత్త వాషర్‌కు అర చుట్టు నుంచి మూడింట రెండు వంతుల చుట్టు. ఒకసారి నలిగిన వాషర్‌కు పన్నెండో వంతు, అంటే గడియారంలో ఒక గంట దూరం. శంకు సీటుకు అంతకంటే తక్కువ, పదహారో వంతు.

మరలకు యాంటీ సీజ్ (మరలు పట్టుకుపోకుండా రాసే పేస్టు) పూయాలా అని చాలామంది అడుగుతారు. పూత ఉన్న ప్లగ్‌లకు అవసరం లేదు. పూస్తే మర జారుగా ఉంటుంది కాబట్టి అదే రెంచి అంకెకు ప్లగ్ ఇంకా ఎక్కువ బిగుసుకుంటుంది. మరలు లాగబడేది చాలాసార్లు ఇలాగే.

పరీక్ష

ప్లగ్‌లు బిగించకముందే కంప్రెషన్ గేజితో ఆ సిలిండర్‌నూ మిగతావాటినీ కొలిచి పోల్చండి. గేజి గొట్టాన్ని చేతితోనే ఎక్కించండి. ఇదొక్కటే తక్కువగా చూపితే గాలి కొత్త మర దగ్గర పోతోందో, వాల్వు దగ్గరో తేల్చాలి. ప్లగ్‌లన్నీ వేసి చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేయగానే ప్లగ్ అడుగు చుట్టూ సబ్బు నీళ్ళు కొద్దిగా వేయండి. బుడగలు వస్తే ముందు వాషరు, తర్వాత సీటు చూడండి. లోతైన గుంత ఉన్న ఇంజిన్లలో సబ్బు నీళ్ళు నిలిచిపోతాయి, అక్కడ చెవితోనే వినాలి.

ఇంజిన్ ఒకసారి బాగా వేడెక్కి పూర్తిగా చల్లారాక ప్లగ్ వదులైందేమో చూడండి. వేడి మీద రెంచి వేయకండి. తర్వాత ఎప్పుడు ప్లగ్ విప్పినా చల్లటి ఇంజిన్ మీదే విప్పండి. గట్టిగా అనిపిస్తే చొచ్చుకుపోయే నూనె వేసి కాసేపు ఆగి, ఎనిమిదో వంతు చుట్టు వెనక్కు, మళ్ళీ ముందుకు తిప్పుతూ కదిలించండి. ప్లగ్‌తోపాటు బుష్ కదులుతోందని అనిపిస్తే ఆపేయండి. దాన్ని తీసి అదే సైజు బుష్ మళ్ళీ వేస్తే పట్టదు, కింది మర ఇప్పటికే అరిగి ఉంటుంది. దానికి అదనపు వ్యాసంతో చేసిన పెద్ద బుష్‌లు వేరే దొరుకుతాయి. అది వేసే ముందు ప్లగ్ చుట్టూ నీళ్ళ దారి ఎంత దూరంలో ఉందో కొలుచుకోండి, గోడ తెగితే కూలెంట్ సిలిండర్లోకి వస్తుంది.